వాగుగట్టు తీగ: నేలగుమ్మడిని గుర్తించడంలో ఒక పొరపాటు, కొన్ని ఆనవాళ్లు

రంపచోడవరం డివిజనులోని ఒక కొండవాగు గట్టు మీద జీడిమామిడి తోట ఉన్న రైతు ఒకరు, ఒక ఆగస్టు నెలలో, మా విద్యార్థి ద్వారా నాకు మూడు ఫొటోలు పంపించారు. మూడూ ఆకుల ఫొటోలే. వెడల్పైన మూడు పత్రకాలు గల ఆకు, చెయ్యంత మందమున్న కాండం, జీడిమామిడి కొమ్మలను చుట్టుకొని పైకి పాకిన తీగ. "సారూ, ఇదేం తీగ? చెట్ల మీదికి ఎక్కేస్తోంది. కొట్టించెయ్యమంటారా?" అన్నది ఆయన ప్రశ్న. ఫొటో చూసిన అయిదు నిమిషాలలోపే అది తీగమోదుగ అని, తోటకు దాని వలన ప్రయోజనమేమీ లేదని, మొదలు దాకా నరికించవచ్చునని సమాధానం పంపాను. ముప్ఫై ఏళ్ల బోధనానుభవం ఉన్నవాడి మాట కనుక ఆయన సందేహించలేదు.

ఆ శీతాకాలంలో తీగను నరికించారు. మొదలు వద్ద తవ్వగా కుండంత గడ్డ బయటపడింది. ఆ వార్త సంతకు చేరింది. గడ్డలు కొనేవారి తరఫు మనుషులు వచ్చి గట్టు పొడవునా ఉన్న మొదళ్లన్నిటినీ తవ్వుకుపోయారు. గుంతలు పూడ్చినవారు లేరు. మరుసటి వానాకాలం వాగు పొంగినపుడు నీరు ఆ గుంతలలోకి దిగి, లోపలి నుంచి మట్టిని కోసి, గట్టును జార్చివేసింది. గట్టు వెంబడి ఉన్న జీడిమామిడి వరుస కూడా దానితోపాటే వాగులో పడింది.

తీగ నరకడమే గట్టు తెగడానికి కారణమని నేను అనను. అడుగడుగునా తవ్వి వదిలేసిన గుంతలు ప్రధాన కారణం. అయితే ఆ గుంతలకు దారితీసిన మాట నాది. తప్పు ఎక్కడ జరిగిందో చూడాలన్న ఉద్దేశంతో ఆ తరువాతి మార్చిలో విద్యార్థులతో కలిసి అక్కడికి వెళ్లాను. ఇవతలి గట్టున చూడడానికి ఏమీ మిగలలేదు. అవతలి గట్టున మాత్రం అదే తీగ, ఒక్క ఆకైనా లేకుండా, ఎండిన తాళ్లవలె చెట్ల మీద వేలాడుతూ, నిండా పూసి ఉన్నది. పువ్వులు నీలం కలిసిన ఊదారంగువి. తీగమోదుగకు పూసేవి నిప్పువంటి నారింజరంగు పూలు. దూరం నుంచి ఆ రంగు కనబడగానే నా పొరపాటు నాకు తెలిసిపోయింది.

వాగులో నీళ్లు ముంచుకోవడానికి వచ్చిన కొండరెడ్డి పెద్దావిడ ఒకరు మేము పడుతున్న హడావిడి చూసి నవ్వింది. "ఆకున్నప్పుడు అడిగితే ఎవరైనా తప్పే చెబుతారు బాబూ, పువ్వేసినప్పుడు రావాలి" అన్నది. తీగ పేరు నేలగుమ్మడి అని చెప్పింది. వృక్షశాస్త్ర పాఠంలో మొదటి నెలలోనే మేము చెప్పే మాట అది. చెప్పిన మాటను మేమే మరచిపోతూ ఉంటాము.

పేరు వెనుక చరిత్ర

నేలగుమ్మడి లేదా దారిగుమ్మడి చిక్కుడు కుటుంబానికి చెందిన బహువార్షిక తీగ. శాస్త్రీయ నామం ప్యూరేరియా ట్యూబరోసా. భారతదేశపు స్వదేశీ జాతి. ఆకురాల్చు అడవులలో, కొండవాలులలో, మరీ ముఖ్యంగా వాగులు, సెలయేళ్ల గట్ల వెంట పెరుగుతుంది. నేలలో ఊరే గడ్డ గుమ్మడికాయ ఆకారంలో, ఒక్కొక్కసారి దానికంటె పెద్దదిగా ఉండడం చేత ఆ పేరు వచ్చింది. సంస్కృతంలోని భూమికూష్మాండమూ, మరాఠీలోని భుయీకోహళా కూడా ఇదే భావాన్ని చెబుతాయి. ఆయుర్వేదంలో విదారి అని వ్యవహరించేది దీనినే. చ్యవనప్రాశంలో చేరే ద్రవ్యాలలో విదారి ఒకటి. గజవాజిప్రియ అని దీనికి మరొక పేరు. ఏనుగులూ గుర్రాలూ ఈ గడ్డను ఇష్టంగా తింటాయన్నది ఆ పేరులోని అర్థం.

ఈ తీగ శాస్త్రలోకానికి తెలియడంలో తెలుగునేలకు పాత్ర ఉన్నది. విలియం రాక్స్‌బరో 1781 నుంచి 1793లో కలకత్తా ఉద్యానవనానికి వెళ్లేవరకు సామర్లకోటలో పనిచేశాడు. ఉత్తర సర్కారుల మొక్కలను సేకరించి, దేశీయ చిత్రకారుల చేత బొమ్మలు వేయించి, తెలుగు పేర్లను కూడా తన వర్ణనలలో నమోదు చేసినవాడు ఆయన. ఆయన పెట్టిన పేరును అనుసరించి విల్డెనో 1802లో ఈ జాతిని హెడిసారమ్ ట్యూబరోసమ్‌గా ప్రచురించాడు. 1825లో డి కాండోల్ ప్యూరేరియా అనే ప్రజాతిని ఏర్పరచి అందులోకి మార్చాడు. ప్రజాతి నామం స్విట్జర్లాండ్‌కు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు మార్క్ నికొలాస్ ప్యూరరీ పేరు మీద పెట్టినది. 1859లో మద్రాసులో వాల్టర్ ఇలియట్ వెలువరించిన ఫ్లోరా ఆంధ్రికా తెలుగు జిల్లాల మొక్కల పేర్లకు ప్రత్యేకించిన పట్టిక. మన మొక్కల తెలుగు పేర్ల మీద పనిచేసే విద్యార్థి ఎవరైనా నేటికీ ఆ పుస్తకం దగ్గరనుంచే మొదలుపెట్టవలసి ఉంటుంది.

సామర్లకోట నుంచి నేను నిలబడి ఉన్న వాగు ఒక పూట ప్రయాణం. రెండు వందల ఏళ్ల క్రితమే ఇక్కడి పేరుతో సహా నమోదు కావడానికి అవకాశమున్న తీగను, ఇక్కడే చదివి ఇక్కడే పాఠం చెప్పే నేను పోల్చుకోలేకపోయానన్నది కొంత సిగ్గుపడవలసిన విషయమే.

ఆకుతో మొదలుపెట్టి పువ్వు దాకా

ఆకుల కాలంలోనే చూడవలసి వచ్చిందనుకుందాం. ఆకు మూడు పత్రకాల సంయుక్త పత్రం. మధ్య పత్రకం వెడల్పైన కోలగా, కొంచెం చతుర్భుజపు పోలికతో ఉంటుంది. పక్క పత్రకాలు రెండూ ఒకవైపు ఎక్కువ వెడల్పుతో వాలుగా ఉంటాయి. పైతలం పచ్చగా, దాదాపు నున్నగా ఉంటుంది. ఆకును తిరగవేసి చూడాలి. అడుగుతలం మీద దగ్గర దగ్గరగా అణిగి ఉన్న తెల్లని పట్టువంటి నూగు ఉంటుంది. గాలి వీచి ఆకులు తిరగబడినపుడు తీగంతా వెండిలా మెరుస్తుంది. నాకు వచ్చిన మూడు ఫొటోలలోనూ పైతలమే ఉన్నది. అడుగుతలం చూపమని నేను అడగలేదు.

తరువాత చూడవలసినది పత్రకాల అమరిక. ఇది చిన్న విషయంగా కనిపించినా, ప్రాణం మీదికి వచ్చే సందర్భంలో అదే ఆధారం అవుతుంది. నేలగుమ్మడిలో పక్క పత్రకాలు రెండూ ఒకచోట ఎదురెదురుగా పుట్టిన తరువాత, ఆకుకాడ ఇంకా కొంత ముందుకు సాగి, ఆ చివర మధ్య పత్రకాన్ని మోస్తుంది. కందిలోనూ, బొబ్బర్లలోనూ, మోదుగలోనూ ఇదే తీరు. దీనినే పిచ్ఛాకార అమరిక అంటాము. ఆకుకాడ మొదలు, ప్రతి పత్రకపు కాడ మొదలు కొంచెం ఉబ్బి ఉంటాయి. చిక్కుడు కుటుంబపు ఈ తల్పాన్ని చేతివేలితో తడిమితేనే పోల్చవచ్చు.

పువ్వుల కాలం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు. అప్పటికి ఆకులు రాలిపోయి ఉంటాయి. జానెడు మొదలుకొని మూరెడు వరకు పొడవుండే గుత్తులలో, కణుపు కణుపుకూ గుంపులుగా, సెంటీమీటరుకు కాస్త మించిన చిన్న పూలు పూస్తాయి. చిక్కుడుపువ్వు ఆకారమే, ధ్వజపత్రం గుండ్రంగా ఉంటుంది, రక్షకపత్రావళి మీద పట్టునూగు ఉంటుంది. కాయ అయిదారు సెంటీమీటర్ల పొడవున బల్లపరుపుగా ఉండి, గింజకూ గింజకూ మధ్య నొక్కినట్లుంటుంది. దాని మీద పొడవైన, మెరిసే గోధుమరంగు వెంట్రుకలుంటాయి. కాయకు మూడు నుంచి ఆరు గింజలు.

తీగమోదుగ కూడా ఇదే ఋతువులో, ఇదే విధంగా ఆకులు రాల్చి పూస్తుంది. కాని దాని పువ్వు నాలుగైదు సెంటీమీటర్ల పెద్దది, నారింజ ఎరుపు. కాయ చివర ఒకే ఒక గింజ. కాండానికి గాటు పెడితే ఎర్రని రసం ఊరి జిగురుగా గట్టిపడుతుంది. నేలగుమ్మడి కాండానికి గాటు పెడితే ఈ ఎరుపు రాదు. వానాకాలంలో ఈ రెంటినీ వేరు చేయడానికి నేను ఇప్పుడు అడిగించే మొదటి పరీక్ష ఇదే. ఒక కత్తి, ఒక నిమిషం చాలు.

దూలగొండి గురించి రైతులకు నేను చెప్పవలసిన అవసరం లేదు, ఒకసారి తాకినవారు మరచిపోరు. దానికీ మూడు పత్రకాలే, ఆకు అడుగున నూగు కూడా ఉంటుంది. అయితే అది గడ్డ లేని, ఎక్కువ కాలం బ్రతకని తీగ. వానలు వెనుకబట్టాక ముదురు ఊదారంగు పెద్ద పూల గుత్తులు వేలాడదీస్తుంది. ఎస్ అక్షరం ఆకారపు కాయల మీది నూగు దురద పుట్టిస్తుంది. విద్యార్థులు నమూనా సేకరించేటపుడు వెంట్రుకలున్న కాయను చేతితో తడమకుండా కర్రతో తిప్పి చూడడం అలవాటు చేసుకోవాలి.

ఒకే పేరు, రెండు మొక్కలు

పేర్లు తెచ్చిపెట్టే చిక్కు మరొకటి ఉన్నది. తెలుగు జిల్లాలలో కొన్నిచోట్ల నేలగుమ్మడి అంటే మరొక మొక్క. అది చిలగడదుంప కుటుంబానికి చెందిన ఐపోమియా మారిషియానా. మట్టపాలతీగ, పాలగుమ్మడి అన్న పేర్లు కూడా దానివే. అది కూడా వాగుల వెంట, తేమ ఉన్న పొదలలో పెరుగుతుంది. దానికీ గడ్డ ఊరుతుంది. ఆయుర్వేదంలో దానిని క్షీరవిదారి అన్నారు. కేరళలో విదారి పేరుతో వాడుకలో ఉన్నది ఎక్కువగా ఇదే.

మొక్కగా నిలబడి ఉన్నపుడు ఈ రెంటినీ పొరబడడానికి వీలు లేదు. పాలగుమ్మడి ఆకు సంయుక్త పత్రం కాదు. అరచేతి వేళ్లవలె అయిదు నుంచి ఏడు తమ్మెలుగా చీలిన ఒకే ఆకు. ఎక్కడ తుంచినా పాలు కారుతాయి. పువ్వు గరాటు ఆకారంలో, గులాబీ ఊదారంగులో, చిలగడదుంప పువ్వును పెద్దది చేసినట్లుంటుంది. గింజల మీద దూదివంటి పొడవైన నూగు ఉంటుంది. వానాకాలంలోనే, ఆకులతో ఉండగానే పూస్తుంది.

గడ్డలు ముక్కలై ఎండి సంచులలోకి చేరిన తరువాత ఈ తేడాలేవీ మిగలవు. రెండూ తెల్లని, పిండితో నిండిన ముక్కలు. రెండింటికీ సంతలో ఒకటే పేరు, ఒకటే ధర. అపుడు ప్రయోగశాలకు పోక తప్పదు. నేలగుమ్మడి గడ్డలో ప్యూరేరిన్, డైడ్జీన్ వంటి ఐసోఫ్లేవోనులు ఉంటాయి. పాలగుమ్మడిలో ప్యూరేరిన్ ఉండదు. పలుచని పొర క్రోమటోగ్రఫీతో ఈ తేడాను పట్టుకోవచ్చు. ఒక మొక్కలోని రసాయనాన్ని నమ్మి మరొక మొక్క పొడిని అమ్మడం కొనేవాడిని మోసగించడమే అవుతుంది, అమ్మేవాడికి ఆ సంగతి తెలియకపోయినా సరే. తవ్వినచోటనే ఒక ఆకు, ఒక పువ్వు సంచిలో వేసి పంపే పద్ధతి ఉంటే ఈ పరీక్షలలో సగం అవసరం ఉండదని నా అభిప్రాయం.

పొరబడకూడని తీగ

ఇప్పటివరకు చెప్పిన పొరపాట్ల వలన పోయేది డబ్బు, లేదా గట్టు. ప్రాణం పోయే పొరపాటు ఒకటి ఉన్నది. అదే వాగుల వెంట, అదే పొదలలో, మూడు పత్రకాలతో పెరిగే మరొక గడ్డతీగ డయాస్కోరియా హిస్పిడా. కొండ ప్రాంతాలలో పులిదుంప అన్న పేరు దీనికి వినబడుతుంది. ఇది పెండలం కుటుంబపు మొక్క. దీని గడ్డలో డయాస్కోరిన్ అనే ఆల్కలాయిడ్ ఉంటుంది. ఇది కేంద్ర నాడీమండలం మీద పనిచేసే విషం. అడవిజాతుల వారికి ఈ సంగతి తరతరాలుగా తెలుసు. గడ్డను పలుచని రేకులుగా తరిగి, బుట్టలలో వేసి, పారే వాగునీటిలో రోజుల తరబడి ఉంచి, ఆ తరువాత ఉడికించి కాని వారు తినరు. ఆ పరిజ్ఞానం లేనివారు అడవి గడ్డ ఆరోగ్యానికి మంచిదన్న మాట విని తవ్వుకుని తింటే ప్రమాదం.

తేడాను ఆకులోనే చూడవచ్చు. పులిదుంపలో మూడు పత్రకాలూ కాడ కొసన ఒకే బిందువు నుంచి పుడతాయి. మధ్య పత్రకానికి ప్రత్యేకంగా సాగిన కాడ ఉండదు. దీనిని హస్తాకార అమరిక అంటాము. ప్రతి పత్రకంలోనూ పెద్ద ఈనెలు మొదలు నుంచే మూడు, అయిదు చొప్పున బయలుదేరి కొసవైపు వంగి సాగుతాయి. నేలగుమ్మడి పత్రకంలో నడుమ ఒక ప్రధాన ఈనె ఉండి, దానినుంచి పక్క ఈనెలు చీలుతాయి. పులిదుంప కాండం మీద ముళ్లుంటాయి. నేలగుమ్మడి కాండం మీద ముళ్లుండవు. కాయ కూడా చిక్కుడు కాయ కాదు, మూడు రెక్కలున్న గుళిక. గడ్డ నేల పైపొరలోనే ఉండి, ఒంటినిండా సన్నని వేళ్లతో గడ్డం పెరిగినట్లు కనబడుతుంది.

ఈ ఆనవాళ్లన్నీ ఆకులు ఉన్నపుడే పనికివస్తాయి. గడ్డలు తవ్వే కాలానికి రెండు తీగలూ ఆకు రాల్చి ఉంటాయి. కాబట్టి తవ్వదలచిన తీగను వానాకాలంలోనే గుర్తించి, మొదలుకు రంగుగుడ్డ కట్టి ఉంచుకోవాలి. రుచి చూసి గుర్తుపడతామనే వారు నాకు కనబడుతూనే ఉన్నారు. నేలగుమ్మడి గడ్డ తియ్యగా, అతిమధురం రుచిని తలపిస్తూ ఉంటుందన్నది నిజమే. అయినా తెలియని గడ్డను నాలుక మీద పెట్టడం గుర్తింపు పద్ధతి కాదు. మా విద్యార్థులకు దీనిని నిషేధించాను.

ఫోను చెప్పిన పేరు

ఆ మార్చి పర్యటనలో ఒక విద్యార్థి, పూలగుత్తిని తన ఫోనుకు చూపించాడు. ఫోను కుడ్జు అని చెప్పింది. అతడు అక్కడే వెదికి, ఇది అమెరికాను మింగుతున్న కలుపు సార్, వెంటనే నిర్మూలించాలి అన్నాడు. పక్కనే ఉన్న రైతు ముఖం మారిపోయింది. ఒకసారి తీగమోదుగ అని నరికించాము. ఇపుడు విదేశీ కలుపు అని మిగిలినది కూడా నరికించే సమయం వచ్చింది.

ఫోను పూర్తిగా తప్పు చెప్పలేదు. కుడ్జు కూడా ప్యూరేరియా ప్రజాతిదే. ప్యూరేరియా మోంటానాలో లొబేటా అనే రకం. చైనా, జపాను ప్రాంతాలది. నేలగుమ్మడికి దగ్గరి బంధువు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో జపాను తోటలోని అలంకార మొక్కగా అది అమెరికా చేరింది. 1930ల కరవులో, ధూళి తుపానులలో నేల కొట్టుకుపోతున్నపుడు ప్రభుత్వమే దానిని భూసంరక్షణ పంటగా ఎంచుకున్నది. నాటిన రైతుకు ఎకరాకు 8 డాలర్ల వరకు చెల్లించింది. 1953 నాటికి సిఫారసు చేసే ఆచ్ఛాదన మొక్కల జాబితా నుంచి తొలగించింది. అప్పటికే అది చెట్లను, స్తంభాలను, పాడుపడిన ఇళ్లను కప్పివేసింది.

ఈ కథలో దోషం తీగది కాదు. దాని స్వస్థలంలో దానిని తినే పురుగులూ, తెగుళ్లూ, తవ్వుకునే మనుషులూ ఉన్నారు. వాటిని వెనుక వదిలి తీగను ఒక్కదానినే సముద్రం దాటించారు. మన వాగుగట్టు మీది నేలగుమ్మడి అలా వచ్చినది కాదు. ఇక్కడి ఎండాకాలంలో ఆకు రాల్చి, ఇక్కడి వానతో చిగిర్చి, ఇక్కడి పశువులకు మేతగా ఉంటూ వచ్చిన తీగ. ప్రజాతి ఒకటైనంత మాత్రాన స్వభావం ఒకటి కాదు. ఈ ప్రజాతిలోనే ఇంతకాలం వర్గీకరించిన ప్యూరేరియా ఫేసియొలాయిడెస్‌ను రబ్బరు, ఆయిల్‌పామ్ తోటలలో నేలను కప్పే పైరుగా పెంచడం వ్యవసాయ విద్యార్థులందరికీ తెలిసినదే.

మొబైల్ యాప్‌లను వాడవద్దని నేను అనడం లేదు. కుటుంబం, ప్రజాతి దాకా అవి తరచుగా సరిగానే చేరుస్తున్నాయి. జాతి వద్దకు వచ్చేసరికి ఎక్కువ ఫొటోలు ఉన్న మొక్క వైపు మొగ్గుతాయి. మన అడవి తీగలకు ఫొటోలు తక్కువ, అమెరికా కలుపుకు ఎక్కువ. ఫోను చెప్పిన పేరును ప్రశ్నగా తీసుకుని, గాంబుల్ రచించిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరా తెరిచి, లక్షణం తరువాత లక్షణం సరిచూసుకుంటే మంచిది. ఇంకా అనుమానముంటే నమూనాను హైదరాబాదులోని బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రం వంటి హెర్బేరియానికి తీసుకువెళ్లి పోల్చుకోవచ్చు. నమూనా అంటే ఒక కొమ్మకు పువ్వూ కాయా, అదే తీగ నుంచి వానాకాలంలో తీసిన ఆకు. నేలగుమ్మడి విషయంలో ఒకే రోజున ఇవన్నీ దొరకవు, రెండుసార్లు వెళ్లవలసిందే. పువ్వు రంగును అక్కడికక్కడే కాగితం మీద రాసుకోవాలి. నొక్కి ఎండబెట్టాక ఆ నీలం నిలవదు.

గట్టు మీద ఏమి చేయాలి

రైతు అసలు ఫిర్యాదు న్యాయమైనదే. తీగ జీడిమామిడి మీదికి పాకితే వెలుతురు అందక కొమ్మలు ఎండుతాయి. దానికి మొదలు నరకనక్కరలేదు. కాయ పండి గింజ రాలిన తరువాత, అంటే వేసవి చివర, తోటవైపు పాకిన కొమ్మలను తెంచి, మిగిలిన తీగను వాగువైపు పొదల మీదికి మళ్లిస్తే సరిపోతుంది. తెంచిన లేత తీగను పశువులకు వేయవచ్చు. చిక్కుడు జాతి కనుక వేళ్ల బుడిపెలలో నత్రజనిని స్థిరీకరిస్తుంది. రాలిన ఆకు గట్టు మట్టికే చేరుతుంది.

గడ్డను గురించి మాత్రం కొంత కఠినంగా చెప్పవలసి ఉన్నది. ముదిరిన తీగ కింద 30 కిలోలకు పైబడిన గడ్డలు కూడా నమోదయ్యాయి. అంత గడ్డ ఊరడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. తీయడానికి ఒక పూట చాలు. గడ్డతో పాటు మొక్క పోతుంది, గుంత మిగులుతుంది. వాగుగట్టు ఒండ్రుమట్టిలో మీటరు లోతు గుంత అంటే వరదకు మనమే తెరచి ఇచ్చిన తలుపు. కనుక వాగుగట్టు మీది గడ్డలను తవ్వనే కూడదన్నది నా దృఢమైన సలహా. గడ్డకు ధర ఉన్నదనుకుంటే తీగను మెట్టచేను సరిహద్దులలో, కంచె మీదికి పాకేలా నాటుకోవాలి. అక్కడ తవ్వినా గట్టుకు నష్టం లేదు. అమ్మినపుడు ఇది సాగుచేసిన సరుకు అని ధైర్యంగా చెప్పుకోవచ్చు.

నాటడానికి గింజలు ఏప్రిల్, మే నెలలలో తీగ మీదే దొరుకుతాయి. పెంకు గట్టిది, నీటిని సులువుగా లోనికి రానివ్వదు. గరుకు రాయి మీద మెల్లగా రుద్ది, లేదా వేడినీళ్లు పోసి చల్లారేవరకు నాననిచ్చి, ఉబ్బిన గింజలను మాత్రమే ఏరి సంచులలో విత్తుకోవాలి. ఉబ్బనివాటిని పారవేయకుండా మరొకసారి రుద్ది చూడాలి. కణుపులున్న కాండపు ముక్కల నుంచి కూడా మొక్కలు తీయవచ్చు. వేరువ్యవస్థ లోతుకు పోయే మొక్క కనుక సంచి పొడవుగా ఉండడం మేలు.

అవతలి గట్టు తీగ నుంచి మేము కాయలు కోయడానికి ఆ పెద్దావిడ ఒప్పుకోలేదు. కింద రాలినవే ఏరుకోమన్నది. ఏరుకున్న గింజలను విద్యార్థులు కళాశాల నర్సరీలో విత్తారు. మొలిచిన మొక్కలను జూలైలో ఆ రైతు వద్దకే తీసుకువెళ్లాము. తెగిన గట్టు మీద ముందు వెదురు, కానుగ నాటాము. తీగ పాకడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. వాటి మధ్య నేలగుమ్మడి మొక్కలు పెట్టాము. ప్రతి మొక్క పక్కన రైతు ఒక కర్ర పాతి, దానికి ఎర్రగుడ్డ కట్టారు. "సారూ, ఈసారి ఎవరైనా ఫొటో పంపితే ఆకు తిప్పి కూడా తీయించండి" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు గాని, నేను నవ్వలేకపోయాను. ఇప్పుడు మా విభాగానికి ఫొటో పంపేవారందరికీ ఆకు రెండు తలాలు, కాండానికి పెట్టిన గాటు, కాడకు పత్రకాలు అతికే చోటు చూపమని తిరుగు సందేశం వెళుతుంది. పువ్వు లేకపోతే పువ్వు వచ్చేదాకా నరకవద్దని ఆ సందేశంలోనే రాస్తున్నాము.